చెంప మీద తేదీ

నూకరత్నానికి అన్యాయం జరిగింది 2031 మే 21న, బుధవారం, మిట్టమధ్యాహ్నం సూర్యగ్రహణం పట్టిన వేళ. కాకినాడలో, అత్తగారి నోటి వల్ల.

రెండో నెల కడుపుతో ఉన్న కోడల్ని గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, కదలకు, గోక్కోకు, ఒంటి మీద చెయ్యి వెయ్యకు అని మంగతాయారు గుమ్మంలో కాపలా కూర్చుంది. వేవిళ్ళకి గ్రహణం సంగతేం తెలుసు? రత్నం లేచి పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. చేత్తో ఎడమ చెంప తుడుచుకుంది. వాంతయిన మనిషి ఎవరైనా మొహం తుడుచుకుంటారు. రత్నం తుడుచుకుంటే మాత్రం నేరమైంది. పుట్టిన పిల్లకి ఎడమ చెంప నుంచి కనురెప్ప మీదుగా నుదుటి దాకా ఎర్రటి మచ్చ ఉంది మరి.

"సరిగ్గా అక్కడే తుడుచుకుందమ్మా," అని పురిటిబిడ్డని చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ మంగతాయారు వేలుపెట్టి చూపించింది. వాళ్ళు నమ్మారు సరే, రత్నం కూడా నమ్మేసింది. దాన్ని మించిన అన్యాయం ఉందా? పిల్లకి నీళ్ళు పోసేటప్పుడు ఎడమ చెంప మీద చెంబుతో నీళ్ళు ఒంపేదే తప్ప చెయ్యి తగలనిచ్చేది కాదు. తన చెయ్యి తగిలితే మచ్చ ఇంకా పాకుతుందని భయం.

ఆ పిల్ల మేఖల ఇప్పుడు సముద్రంలో గాలిమరల కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తోంది. 2054 వచ్చింది. కాకినాడకి సగం కరెంటు సముద్రం మీంచే వస్తోంది. మచ్చ మాత్రం ముదిరి ముదురు ఎరుపయింది, ఎడమ కన్ను అప్పుడప్పుడూ మసకబారుతోంది. అందుకే తల్లి, నాన్నమ్మ, తనూ ముగ్గురూ డాక్టర్ ముంతాజ్ గదిలో కూర్చున్నారు. మూలన బీరువా అంత యంత్రం సన్నగా రొద చేస్తోంది. అందులో మేఖల చెంప నుంచి తీసిన ఆవగింజంత చర్మం ఉంది.

"ఇదేం చేస్తుందమ్మా, మచ్చని కోస్తుందా?" అంది మంగతాయారు.

"లేదు మామ్మగారూ, ముందు తేదీ చెబుతుంది. ఈ మచ్చ తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. కడుపులో పిండం పెరిగేటప్పుడు ఒక్క కణంలో, ఒక్క జీన్‌లో, ఒకే ఒక్క అక్షరం తప్పు పడుతుంది. ఆ కణం పిల్లలన్నీ అదే తప్పు మోసుకుంటాయి. అక్కడి సన్నటి రక్తనాళాలు ముడుచుకోవడం మరిచిపోయి వెడల్పుగా ఉండిపోతాయి. ఎరుపంతా లోపలి రక్తానిదే."

"చిన్నప్పుడు లేజర్ కొట్టించాంగా? మూడేళ్ళకి మళ్ళీ వచ్చింది," అంది మేఖల.

"లేజర్ నాళాన్ని కాలుస్తుంది, తప్పుని దిద్దదు. ఇప్పుడు దిద్దే మందు ఉంది. పసుపు వెలుగు పడ్డచోటే అది పనిచేస్తుంది. అయితే తప్పు ఎంత ముందు పడితే అంత లోతుకు పాకి ఉంటుంది, కంట్లోకి, మెదడు పొరల్లోకి కూడా. అందుకే తేదీ కావాలి."

"తేదీ ఎలా తెలుస్తుందండీ?" రత్నం మొదటిసారి నోరు తెరిచింది.

"కణం రెండయిన ప్రతిసారీ చిన్న చిన్న అచ్చుతప్పులు చేరతాయమ్మా. మచ్చ కణాలూ, పక్కన మంచి చర్మం కణాలూ వేరు కాపురం పెట్టిన అన్నదమ్ముల్లాంటివి. రెండిళ్ళలోనూ ఉన్న పాత సామానెంత, ఎవరింట్లో వాళ్ళు కొన్నదెంత అని లెక్కేస్తే ఎప్పుడు విడిపోయారో తెలుస్తుంది. యంత్రం అదే చేస్తుంది."

"ఎందుకమ్మా ఇంత శ్రమ? మే ఇరవయ్యొకటి అని నేను చెప్తాగా, ఫీజు లేకుండా," అంది మంగతాయారు.

రత్నం తల వంచుకుంది. యంత్రం రొద ఆగింది. ముంతాజ్ తెర చూసి గట్టిగా ఊపిరి వదిలింది.

"కంటిదాకా పోయేంత ముందు కాదమ్మా. చర్మంతో సరి. కంట్లో మసక ఉబ్బిన రెప్ప వల్లే. దిద్దేస్తే పోతుంది."

"గ్రహణం రోజేనా అండీ?" అంది రత్నం.

"కాదు. గ్రహణానికి మూడు వారాలు ముందే పడిపోయింది. అప్పటికి నువ్వు కడుపుతో ఉన్నట్టు నీకే తెలీదమ్మా. నువ్వు మొహం తుడుచుకున్నా, తుడుచుకోకపోయినా ఈ మచ్చ ఇలాగే ఉండేది."

రత్నం గోడవైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. మంగతాయారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని సంచిలోంచి ఫోను తీసింది.

"గ్రహణం కాకపోతే ఇంకోటి. ఏ రోజో చెప్పమ్మా. తిథీ, వర్జ్యమూ చూస్తా. ఆ రోజు ఏం వెలగబెట్టావే రత్నం?"

ముంతాజ్ గోడ మీది బోర్డు చూపించింది. 'ఇక్కడ పంచాంగం చూడరాదు' అని ఉంది. ఈ యంత్రం వస్తే జనం తప్పులు మోపడం మానతారనుకున్నారు. తీరా చూస్తే జనానికి తప్పు మోపడానికి కొత్త తేదీలు అందిస్తోంది. అదొచ్చిన నెల తిరక్కుండానే ఆ బోర్డు పెట్టాల్సొచ్చింది.

"ఫర్లేదు డాక్టర్‌గారూ, చెప్పేయండి," అంది మేఖల. ముంతాజ్ తెరని ఇటు తిప్పింది.

మేఖల చదివి, ఇంకోసారి చదివి, పకపకా నవ్వింది. "నాన్నమ్మా! ఇది మనింటి గృహప్రవేశం రోజే! నువ్వు ముగ్గురు సిద్ధాంతుల్ని పోట్లాడించి పెట్టించిన ముహూర్తం. వైశాఖ శుద్ధ దశమి, దివ్యమైన లగ్నం, ఇలాంటిది పదేళ్ళకోసారి కూడా రాదని ఊరంతా చెప్పుకుంటావే, అదే!"

మంగతాయారు ఫోను మెల్లగా సంచిలో పెట్టేసింది.

"తేదీదేముందే," అంది చివరికి. "డాక్టరమ్మ చెప్పింది వినలేదా? అచ్చుతప్పట. దానికీ రోజుకీ ఏంటి సంబంధం? చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదూ!"

"ఆయ్, తెలుసండి," అంది మేఖల.

రత్నం కూతురి దగ్గరికొచ్చింది. చీర కొంగుకి చెయ్యి రెండుసార్లు తుడుచుకుంది. ఆ ఎడమ చెంప మీద అరచెయ్యి పెట్టింది, తియ్యలేదు.

"వెచ్చగా ఉందే," అంది.

"రక్తం ఎక్కువ కదమ్మా."

చికిత్స అయ్యేసరికి మచ్చ లేత గులాబీ నీడ అయింది, కంట్లో మసక పోయింది. చూడ్డానికొచ్చిన చుట్టాలకి మంగతాయారు కణాల గురించి గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. గ్రహణం మాటెత్తితే కసురుతోంది. కోడలికి మాత్రం ఇప్పటిదాకా ఒక్క మంచిమాట చెప్పలేదు. రత్నం అడగనూ లేదు. పొద్దున్నే కూతురి చెంపకి క్రీము రాసే పని ఎవరికీ ఇవ్వకుండా తనే చేస్తోంది.

యంత్రం రికార్డులో ఉన్న తేదీ వాళ్ళింటి గుమ్మం పక్కన పాలరాతి మీద కూడా ఉంది. ప్రతి శుక్రవారం మంగతాయారే తడిగుడ్డతో తుడుస్తుంది: గృహప్రవేశం, గురువారం, 2031 మే 1.