చెడ్డ నక్షత్రపు డాబా మీద తోకచుక్క

వేములపల్లి శివారులో ఆ డాబా ఇంటికి మంచి పేరు లేదు. ఇంటి పెద్ద పోయినప్పుడు నక్షత్రం చెడ్డదన్నారు. ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టి కుటుంబమంతా ఊళ్లోకి మారింది. గడువు తీరినా ఒక్కరూ తిరిగి రాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి పైన ఎవరో తిరుగుతారని... ఊరంతా అదే మాట. కిరాయికి దిగినవాళ్లు నెల తిరక్కుండా సామాను సర్దుకున్నారు.

సైన్సు టీచర్ దీప మాత్రం దిగింది. ధైర్యం ఎక్కువై కాదు. ఊళ్లో మిగతావాళ్లు ఇంటిపేరు అడిగి, కులం ఆరా తీసి, తలుపులు వేసుకున్నారు.

"దయ్యమే నయం. కులం అడగలే," అని అదే బడిలో పనిచేసే నాతో అంటూ నవ్వింది. నాకైతే ఆ ఊరి మీద ఒళ్లు మండింది. ఆ రాత్రి సంగతి ఆమె చెప్పిందే చెబుతున్నా.

దిగి అప్పటికి వారం. చుక్కలు ఎవరినీ చంపవని, కావాలంటే ఆ డాబా మీది నుంచే తోకచుక్కను ఫొటో తీసి తెస్తానని తొమ్మిదో తరగతి పిల్లలకు మాటిచ్చింది. రోజూ కిటికీలోంచి చూస్తే మబ్బే. మర్నాటి నుంచి అది సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. మిగిలింది ఆ ఒక్క తెల్లవారుజామే — ఫొటో తేకపోతే పిల్లల ముందు దయ్యమే గెలిచినట్టు.

నాలుగు గంటలు. తూర్పున వరి పొలాల మీద చీకటి. తోకచుక్క కంటికి ఆనడం లేదు. ఫోన్‌ను స్టాండుకు బిగించి నొక్కింది. అంత సన్నటి వెలుగు ఫొటోలో పడాలంటే ముప్పై సెకన్లు ఏదీ కదలకూడదు.

సర్ర్... సర్ర్...

వెనక నుంచి. బయటి మెట్ల మీద.

పరుగెత్తితే స్టాండు కదులుతుంది — ఫొటో పోతుంది.

సర్ర్... ఇంకా దగ్గరగా.

దీప వెనక్కి తిరగలేదు.

"ఎవరైనా గానీ... జర ఆగు," అంది గుసగుసగా. "ఫొటో అయినంక నీ సంగతి సూస్త."

చప్పుడు... ఆగింది.

ఫోన్ టిక్కుమంది. తెర మీద చుక్కల నడుమ, పల్చగా, సున్నం మరకలాంటి తోక. వచ్చింది! అప్పుడు తిరిగింది దీప.

మెట్ల చివర తెల్లచీర. చేతిలో చీపురు.

"అరవకు బిడ్డా. నేను కాటమ్మను. ఇది నా ఇల్లే."

పోయినాయన భార్య. చెడ్డ నక్షత్రమని కొడుకు ఆమెను ఈ గడప తొక్కనీయడం లేదట. ఊడ్వకుండా ఉంచడానికి మనసొప్పక, ఊరు లేవకముందే రోజూ వచ్చి మెట్లు, డాబా ఊడ్చి పోతుందట.

"అందరు దయ్యమంటుంటే చెప్పకపోతివేందవ్వా?"

"చెప్తే కొడుకు రానిస్తడా?"

దీప ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. "గిది సూడు, తోకచుక్క. దీన్ని గూడ చెడ్డదనే అంటరు."

కాటమ్మ ఫోన్‌ను కళ్ల దగ్గరకు తెచ్చుకుంది.

"ముసలోడు జరమొచ్చి పోయిండు. సుక్క ఏం జేసింది పాపం?"

చీపురు గోడకు ఆనించి డాబా మీదే చతికిలబడింది.

"జర చాయ్ పెట్టు బిడ్డా, నీ ఇంట్ల తాగుత. ఇయ్యాల తెల్లారినంకనే దిగుత. అందరు సూడనీ."