తెల్లకాగితం మీద టైము

పెళ్లయి నెల. జాహ్నవి ఏ గదిలో ఉందో గాజులే ఇంటికంతా చెప్పేస్తున్నాయి. ఆ పొద్దున పూతలపట్టు ఇంటి వరండాలో రూపేష్ ఆమె జడలో కనకాంబరాలు పెడుతూ పిన్ను తన వేలికే గుచ్చుకున్నాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

అత్త చంద్రకాంతమ్మ వచ్చి వాళ్ల మధ్య తెల్లకాగితం, పెన్ను పెట్టింది.

"నవ్వింది సాలు. తిరుపతి ఆస్పత్రికి రాజీనామా రాయి. మనింటి కోడలు నర్సై పరాయోళ్ల మూతులు తుడిసేదేంది?"

"రేపు నీ మూతే తుడవాల్సొస్తే?" అన్నాడు రూపేష్.

"నువ్వు నోరు ముయ్‌రా!"

అప్పుడే పక్క కుర్చీలో ఉన్న మామ గంగాధరం చేతిలోని కాఫీ గ్లాసు జారింది. మూతి ఒక పక్కకు లాగింది. ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది.

"వాతం కొట్టిందిరా! పావురాన్ని తేపో, నెత్తురు రుద్దాల. ఏమయ్యా, రొంత కాఫీ తాగు!" అంటూ చంద్రకాంతమ్మ ఇంకో గ్లాసు ఆయన నోటికి పెట్టబోయింది.

జాహ్నవి గ్లాసు లాక్కుంది. "వద్దత్తా! మింగలేడు, ఊపిరితిత్తుల్లోకి పోతాది. మామా, రెండు చేతులూ ఎత్తండి."

కుడిచెయ్యి వాలిపోయింది.

"ఎప్పటిదాకా బాగుండాడు?"

"ఇప్పటిదాకా," అంది చంద్రకాంతమ్మ.

ఏడున్నర అని ఆ కాగితం మీదే రాసుకుంది. కారులో తన వార్డుకు ఫోన్ చేసింది. "పంకజాక్షక్కా, స్కానింగ్ గది ఖాళీగా పెట్టు. గంటలో వస్తాం." తర్వాత రూపేష్‌కు చెప్పింది. "గడ్డ కరిగించే సూది ఉండాది. ఇది మొదలైన మూడు గంటల్లోపలే వెయ్యాల. దాటితే తలలో నెత్తురు కారొచ్చు."

వెనక సీట్లో చంద్రకాంతమ్మ కొంగు నలుపుతూనే ఉంది. తిరుపతి దగ్గరపడ్డాక ముందుకు వంగింది.

"నేను సెప్పింది తప్పమ్మా. ఆరున్నర దాకే బాగుండాడు. ఆ తర్వాత మాట తడబడింది. నీ ఉద్యోగానికి వత్తాసు పలకతాండాడని మొగం తిప్పుకున్నా."

"ఒక గంట, అత్తా! ఒక గంట దాచినావే!" జాహ్నవి పెన్ను తీసింది. కాగితం మీద ఏడున్నర కొట్టేసి, ఆరున్నర అని దిద్దింది. "ఇంకా టైముంది. పోనీ, రూపేష్!"

తొమ్మిది ఇరవైకి సూది పడింది. ఒంటిగంటదాకా జాహ్నవి పదిహేను నిమిషాలకోసారి బీపీ చూస్తూ, వేళ్లు కదిలించమని అడుగుతూనే ఉంది. సాయంత్రానికి గంగాధరం కుడిచెయ్యి ఆమె గాజుల్ని తడిమి పట్టుకుంది.

పక్క మంచంలో ఎవరూ తోడులేని ముసలామె "నీళ్లు" అంది. చంద్రకాంతమ్మ గ్లాసు అందుకుని, ఆగిపోయింది.

"అమ్మాయ్, ఈమె మింగగలదా? పొయ్యొచ్చునా?"

జాహ్నవి చూసి తలూపింది. చంద్రకాంతమ్మ ఆమెకు కొద్దికొద్దిగా నీళ్లు తాగించి, తన కొంగుతోనే మూతి తుడిచింది.