రెండో సిస్టంలో ఏడున్నర

ఆ రోజు పొద్దుట్నుంచీ నాకు ఒకటే చిరాకు. పిడుగురాళ్ల పక్కన మా ఊరు. మిరపకోతలు జరుగుతున్నాయి కాబట్టి ఇంట్లో ఎవరూ లేరు. నాన్న పురుగుమందుల కొట్లో, అమ్మా నాయనమ్మా చేలో. నేనొక్కణ్నే కంప్యూటర్ ముందు.

మా అఖిలక్కకి మంగళగిరిలో ఉద్యోగం. పచ్చకామెర్లొచ్చి బాగా చిక్కిపోయింది. ఇంటికెళ్ళి అక్కణ్నుంచే పని చేసుకోమన్నారు ఆఫీసువాళ్ళు. కానీ వాళ్ళ పనంతా లినక్స్ అనే సిస్టంలో. మా కంప్యూటర్లో ఉన్నదేమో విండోస్. అది తీసేద్దామంటే నాన్న కొట్టు బిల్లులన్నీ అందులోనే. అందుకని రెండూ ఒకే దాంట్లో పెట్టాలి, అక్క సాయంత్రం బస్సు దిగేలోపు. లేకపోతే తను ఆ ఒంటితోనే మళ్ళీ మంగళగిరి వెళ్ళాలి.

నేను పది తప్పాను. మనుషులతో మాట్లాడాలంటే నోరు పెగలదు గానీ మిషన్లతో పర్లేదు. అదొక్కటే అక్కకి నామీద నమ్మకం.

ఆ మిషనే ఆ రోజు నన్ను ఏడిపించింది. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెడితే కనపడదు. కనపడితే సగంలో ఆగిపోద్ది. మళ్ళీ మొదట్నుంచీ. ఆఖరికి అక్కకి ఫోన్ చేశా.

“ఒరేయ్ యలమందా, మొత్తం తుడిచెయ్యి అనేది నొక్కలేదు కదా?”

“లేదక్కా.”

“నొక్కావో, నాన్న నిన్ను తుడిచేస్తాడు. పక్కన ఖాళీ చేశావ్ చూడు, ఆ ఖాళీలో ఎక్కించు.”

“ఎక్కించా. మళ్ళీ మొదటికొచ్చింది.”

“ఏడవమాకు. ఇంకోసారి చెయ్యి. నేను బస్టాండుకి బయల్దేరుతున్నా.”

ఇంకోసారి చేశా. ఎక్కింది! ఆన్ చేయగానే రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. కొత్తది నొక్కా. తెరుచుకుంది. కానీ మూలన టైం చూస్తే ఏడున్నర రాత్రి. బయట చూస్తే మధ్యాహ్నం రెండు, ఎండ మాడిపోతోంది.

టైం సరిచేశా. వెనక్కెళ్ళి విండోస్ తెరిస్తే అది పొద్దున ఎనిమిదిన్నర అంటోంది. దాన్ని సరిచేస్తే కొత్తది మళ్ళీ రాత్రికి పోయింది. ఒకదాన్ని దారిలో పెడితే రెండోది దారి తప్పుద్ది. ఛీ, దీనెమ్మ... రాత్రయితే రాత్రవనీ అని వదిలేశా. అక్కకి మీటింగులుంటాయి కదా, కెమెరా పనిచేస్తుందో లేదో చూద్దామని దాన్ని తెరిచా. పక్కన పచ్చ లైటు వెలిగింది.

నల్లగా వచ్చింది.

దుమ్మేమో అనుకుని చొక్కా అంచుతో కెమెరా అద్దం తుడిచా. మళ్ళీ నలుపే. కాసేపు చూస్తే ఆ నలుపులో చిన్న వెలుగు కనపడింది. నేల మీద దీపం. దాని వెనక మా గోడ. మా క్యాలెండర్.

మా గదే అది.

దీపం పక్కన ఎవర్నో పడుకోబెట్టారు. మొహం మీదాకా దుప్పటి. దీపం సరిగ్గా తల దగ్గర. కాళ్ళ దగ్గర దండలు పోసినట్టు ఏదో కుప్ప. చుట్టూ తలలు దించుకుని మనుషులు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నాయనమ్మ ముక్కు చీదుతోంది. నాన్న తుండు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. శబ్దం మాత్రం రావట్లా.

గబుక్కున వెనక్కి తిరిగా.

నేల మీద ఎండ పడుతోంది. గది ఖాళీ. చాప చుట్టి మూలన ఉంది.

మళ్ళీ తెర వైపు తిరిగా. చీకటి... దీపం... అంచున ఇంకొకడు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నేనే.

అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను. మరి దుప్పటి కింద?

తెరలో అమ్మ ముందుకి వంగింది. దుప్పటి మీదకి చెయ్యి చాపింది...

కరెంటు వైరు పీకేశా.

వెంటనే ఫోన్ చేశా. “అక్కా, బస్సు ఎక్కొద్దు.”

“ఎక్కేశా. ఏమైందిరా?”

“దిగిపో.”

“సీటు లేక నుంచుని చస్తున్నా, మధ్యలో నీ గోలొకటి. సిస్టం అయిందా లేదా?”

నేను చెప్పేలోపే ఫోన్ కట్టయింది. మళ్ళీ వైరు పెట్టి చూస్తే రెండు సిస్టంలూ తెరుచుకోలేదు. నల్లటి తెర మీద తెల్ల గీత ఒకటి కొట్టుకుంటోంది, అంతే.

చీకటి పడే వేళకి, ఇంట్లోవాళ్ళంతా తిరిగొచ్చాక, అక్క వచ్చింది. నడుచుకుంటూ వచ్చింది! సంచీ లాక్కుని లోపల పెట్టా. ఏడుపొచ్చినంత పనైంది. అక్క నేరుగా కంప్యూటర్ దగ్గరికెళ్ళింది.

“మధ్యలో వైరు పీకావా?”

“అక్కా... దాంట్లో మనిల్లు కనపడింది. నువ్వు...”

“నోరుముయ్. పొద్దున్నే పని మొదలెట్టాలిరా! ఇప్పుడు మళ్ళీ మంగళగిరి పోవాలా నేను?”

వైరు పీకి గిరాటేసింది. చాప పరుచుకుని గది మధ్యలో పడుకుంది. దోమలకో, నా మొహం చూడటం ఇష్టం లేకో, దుప్పటి నిండా కప్పేసుకుంది.

“అన్నం తినవే,” అంది అమ్మ.

“వద్దు.”

ఏడున్నర కావస్తుండగా కరెంటు పోయింది. అమ్మ దీపం వెలిగించి, చోటు లేక అక్క తల పక్కనే నేల మీద పెట్టింది. ఎండుమిరపకాయల బుట్ట తెచ్చి అక్క కాళ్ళ దగ్గర గుమ్మరించింది.

“ఊరికే కూర్చోకపోతే తొడిమలు తియ్యండి. కారం ఆడించాలి.”

అందరం చుట్టూ కూర్చున్నాం. ఘాటు లేచింది. నాయనమ్మ ముక్కు చీదింది. నాన్న తుండు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నా చేతిలో మిరపకాయ జారిపోయింది. ఇదే. నేను చూసింది ఇదే! చావూ లేదు, ఏమీ లేదు. మిరపకాయలు. పకపకా నవ్వొచ్చింది.

“ఏరా, ఘాటు తలకెక్కిందా?” అన్నాడు నాన్న.

నవ్వుతూనే తలెత్తా.

బల్ల మీద కంప్యూటర్. కరెంటు లేదు. వైరు కింద పడుంది. కెమెరా పక్కన చిన్న పచ్చ లైటు... వెలుగుతోంది.

మా వైపే చూస్తోంది.

“అఖిలా,” అంది అమ్మ. “రెండు ముద్దలు తిని పడుకో, లే.”

అక్క పలకలేదు.

“అఖిలా.”

అమ్మ ముందుకి వంగింది. దుప్పటి మీదకి చెయ్యి చాపింది.

పచ్చ లైటు టక్కున ఆరిపోయింది. మధ్యాహ్నం నేను వైరు పీకింది సరిగ్గా ఇక్కడే. దీని తర్వాతది నేను చూళ్ళేదు.

అమ్మ చెయ్యి దుప్పటి అంచు పట్టుకుంది.