పలక మీద గోపన్న

గోపన్న చచ్చి మూడు రోజులైంది. కర్నూలు ఆఫీసు పలక మీద మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.

1954 మే నెల. రాజధాని అన్నాక బంగళాలు ఉండాలి గానీ, రహస్య విభాగానికి దక్కినవి డేరాలు. గాలిదుమారానికి డేరాలు లేచిపోయి వైర్‌లెస్ పూట పొడుగునా మూగబోయింది. సరిగ్గా ఆ పూటే గండికోట పోస్టులో గోపన్నను కాల్చేశారు. చీఫ్ శాంతయ్య దుమారంలోనూ పలకను పొట్టకు కరుచుకుని కాపాడాడు. మళ్లీ డేరా లేపి, మేకుకు అదే పలక తగిలించాడు. ‘గండికోట – గోపన్న’. బతికున్నావా అని అడిగినవాడు లేడు.

ఏజెంట్ దేవేంద్రప్పకే అనుమానమొచ్చింది. ఎండను బండబూతులు తిట్టకుండా గోపన్న ఏ మెసేజూ ముగించడు. మూడు రోజులుగా వస్తున్నవన్నీ ‘అంతా క్షేమం’! సెలవు పెట్టి, గొర్రెల కాపరి వేషంలో కోట ఎక్కాడు.

కూలిన గోడ చాటున స్నేహితుడి శవం. లోపల వైర్‌లెస్ ముందు నల్ల కళ్లద్దాలు, పట్టుచీర. సెలవు మీద పోయిన తమ ఆఫీసు టైపిస్టు రామేశ్వరమ్మ! రివాల్వర్ చూపించి కిటికీ ఊచకు బేడీ వేశాడు.

"నన్ను పట్టుకుంటే ఏం లాభమప్పా?" అందామె. "విదేశీ దొరలు రైలు వంతెనకు టైంబాంబు పెట్టి పోయినారు. మెయిలు బండి నాలుగూ పదికి ఆడికొస్తాది."

టైము మూడూ యాభై. వంతెన పన్నెండు మైళ్లు. రైల్లో ఎనిమిది వందల మంది. దేవేంద్రప్ప మోర్స్ మీట నొక్కాడు.

"దేవేంద్రప్పను. వంతెన కింద బాంబు. ముద్దనూరులో మెయిలు ఆపించండి."

"ఆ పోస్టులో గోపన్న ఉండాడు కదప్పా. నువ్వెవడు?" శాంతయ్య జవాబు.

"గోపన్న చచ్చిపోయినాడు సార్! ఆ పేరు తుడిచేయండి!"

"ఎవురి పేరు వాళ్లే వచ్చి తుడుచుకోవాల. అది రూలు."

వైర్‌లెస్ కట్. రామేశ్వరమ్మ పగలబడి నవ్వింది. దేవేంద్రప్పకు ఏడుపొచ్చింది. ఎనిమిది వందల మంది, ఒక పలక!

మెషీను పక్కన ఆమె ఆఫీసులో టైపు చేసుకొచ్చిన గోపన్న కోడ్‌వర్డ్ చీటీ కనబడింది. మళ్లీ మీట నొక్కాడు.

"సజ్జరొట్టె. గోపన్నను. ఈ పాడు ఎండ తగలబడిపోనూ, నా మాడు పగిలిపోతాంది సార్! వంతెన కింద బాంబు. మెయిలు ఆపండి!"

"ఇప్పుడు చెప్పినావు చూడు గోపన్నా!"

నాలుగూ పదికి ఖాళీ వంతెన పేలింది. మెయిలు ఫర్లాంగు దూరంలో, ముద్దనూరు స్టేషన్లో రొప్పుతూ నిలబడింది.

దేవేంద్రప్ప తన చేతులతోనే గోపన్నను పూడ్చి, రామేశ్వరమ్మను పోలీసులకు అప్పజెప్పి కర్నూలు చేరాడు. పలక తుడవబోతే శాంతయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"నేనే పూడ్చినా సార్."

"పూడ్చినట్టు పలక మీద యాడుండాది? సెలవు ఒకరోజు దాటించినావు, నువ్వు ముందు సంజాయిషీ రాయి."

అని, శాంతయ్య ప్రేమగా మీట నొక్కాడు: "గోపన్నా, ఈ పొద్దు ఎండ ఎట్లుందప్పా?"