ఫిన్లే గుక్క

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి, తలుపు దగ్గరేసి పోవచ్చు. మధ్యలో ముసిముసిగా నవ్వితే మాత్రం ఊరుకోను.

ఐలా దీవిలో కాసే కిల్‌బ్రాన్ విస్కీ దీవి దాటితే ఎవరికీ తెలీదు. తెలిసినవాడు మరో సీసా వంక చూడడు. దాన్ని రుచి చూసి తీర్పు చెప్పేది టార్క్విల్. అది ముక్కా? గ్లాసు అంచున ఒక్కసారి పీలిస్తే, బార్లీకి పొగ పెట్టిన పీట్ మట్టిగడ్డలు ఏ దిబ్బలో తవ్వారో చెప్పేవాడు. తవ్వినవాడు ఆ పొద్దున చేప తిన్నాడో లేదో కూడా చెప్పేవాడు. ఇంకా కంటికి ఆనని ఓడలో వంటవాడు గంజి మాడ్చాడని ఒడ్డునే పసిగట్టిన మొనగాడు.

ఆ చలికాలపు రోజు మధ్యాహ్నానికే చీకటి పడింది. గోదాంలో మట్టినేల, తడి రాయి, ఓక్ చెక్క వాసన. లాంతరు కింద ఒకే ఒక పీపా. టార్క్విల్ తమ్ముడు ఫిన్లే చివరిసారి నింపింది. నింపిన సాయంత్రమే అతను పులియబెట్టే తొట్టిలో పడి చనిపోయాడు. అప్పట్లో ఆ తొట్ల గదికి పెద్దగా ఉన్నది స్ట్రాకన్. "తాగి పడ్డాడు" అని ఊరంతా చాటాడు. ఇప్పుడతనే మేనేజరు. టార్క్విల్ కడుపులో పన్నెండేళ్లుగా ఆ మాట నిప్పులా ఉంది.

ఇవాళ రుచి నెగ్గితే ఈ విస్కీ ఫిన్లే పేరుతో సీసాలకెక్కుతుంది. లేకపోతే ఊరూపేరూ లేని కలగలుపు విస్కీలో పోసేస్తారు.

కిల్‌బ్రాన్‌లో ఒక కట్టుబాటుంది. చచ్చినవాడి పీపా తెరిస్తే మొదటి గుక్క దాని పక్కనే నేలకు పొయ్యాలి. అంతవరకు ఎవరూ పెదవి తడపరు.

"ముందు వాడికి పొయ్యి," అన్నాడు టార్క్విల్.

స్ట్రాకన్ పీపాలోంచి అప్పుడే పట్టుకున్న గ్లాసు ఊపాడు. "బతికుండగా తాగింది చాల్లేదా మీ తమ్ముడికి, పెద్దాయనా?"

"వాడు పనిలో చుక్క ముట్టలేదు."

"ముట్టలేదులే. మునిగాడు."

గోదాం తాళాలావిడ ఊనా అడ్డొచ్చింది. "ఒక్క గుక్క పోస్తే మీ తాత ముల్లె కరిగిపోదులే బాబూ. పొయ్యి."

స్ట్రాకన్ ఆమె కళ్లలోకి చూస్తూ గటగటా తాగేశాడు.

టార్క్విల్ పిడికిలి లేచింది. లేచి ఆగిపోయింది. ముక్కుకు ఏదో తగిలింది...

మొదట తేనె. తర్వాత పొగ, ఉప్పుగాలి. దాని అడుగున పుల్లటి నురగ వాసన. పులుస్తున్న తొట్టి వాసన. తొట్లు ఆవరణకి అవతల ఉన్నాయి. అన్నీ ఖాళీ.

లాంతరు మంట కుంచించుకుపోయింది.

"గాలి..." అన్నాడు స్ట్రాకన్. "గాలి లేదు..."

పీపా లోపల గోళ్ల గీకుడు. నెమ్మదిగా. కింది నుంచి పైకి.

ఇప్పుడు తడి ఉన్ని వాసన. ఫిన్లే చొక్కాది.

"ఎవర్రా?" టార్క్విల్ గుసగుసగా అడిగాడు.

జవాబు స్ట్రాకన్ నోట్లోంచి వచ్చింది. స్ట్రాకన్ పట్నం మనిషి, దీవి భాష గేలిక్ ఒక్క ముక్క రాదు. వచ్చింది మాత్రం గేలిక్.

"నేను తాగలేదన్నా... చలికి పులియడం ఆగిపోతుందని కిటికీలన్నీ మూయించాడు... తొట్లలోంచి లేచే గాలికి ఊపిరాడలేదు... కిటికీ తియ్యమని కొట్టాను..."

పీపాలోంచి కొట్టుడు మొదలైంది. కోపంగా. చెక్క అదిరేలా.

"వీడు... విన్నాడు."

స్ట్రాకన్ కూలిపోయాడు. ఇద్దరూ కాళ్లు పట్టి ఆవరణలోకి ఈడ్చారు. బతికాడు. ఊనా ముందు కిటికీల సంగతి ఒప్పుకున్నాడు. ఆ రాత్రి పడవకే వెళ్లిపోయాడు. పోతూ పోతూ కూడా నోటినిండా పుల్లటి నురగ.

టార్క్విల్ ఒక గ్లాసు నేలకు పోసి, బిరడా దిగ్గొట్టి, పీపా మీద తెల్లరంగుతో ఫిన్లే పేరు రాశాడు. సీసాల్లో నింపడానికి మర్నాడు దాన్ని కాటా మీదికి దొర్లించారు. ఏ పీపా అయినా ఏటేటా కొంత గాలికి పోగొట్టుకుని తేలికవ్వాలి. ఇది నింపిన రోజుకంటే ఒక నిండు మనిషంత బరువు ఎక్కువ తూగింది. బిరడా తియ్యడానికి సుత్తి ఎవరూ అందుకోలేదు.

అబద్ధమంటారా? కాటా చూసింది ఊనా గాల్‌బ్రెయిత్. వెళ్లి అడగండి.