ఎండకు పెట్టిన మనిషి

నేను ఎవరినీ ఊరికే నమ్మను. కూరగాయలు కొన్నా తక్కెడ కింద చెయ్యి పెట్టి చూస్తాను. అలాంటి నేను డాక్టరు మాట నమ్మి, ముసురు తగ్గగానే మా ఆయన గట్టయ్య మంచాన్ని దవాఖాన వరండాలోకి లాగించాను.

గట్టయ్యది బొగ్గుబాయి పని. పెద్దపల్లి వదిలి ఇక్కడికి వచ్చిన నాటి నుంచీ తెల్లారకముందే దిగడం, పొద్దుగూకాక ఎక్కడం. ఒంటికి ఎండ తగలక, డి విటమిన్ కరువై ఎముకలు గుల్లబారాయని డాక్టరు అన్నాడు. "మతి తప్పి మాట్లాడుడు కూడా దానివల్లనే కావచ్చు. మందు ఇస్త. ఎండ తగలనియ్యమ్మా."

నాకు తెలిసిన కారణం వేరే. బాయిలో బండ కూలి, అతని జోడీ మొగిలి చచ్చిపోయాడు. శవాన్ని మోసుకొచ్చేటప్పుడు ప్రతి మలుపులో పేరు పెట్టి పిలవడం మావాళ్ల ఆచారం. "మొగిలీ, మలుగుతున్నం, రా!" లేకుంటే ప్రాణం చీకట్లోనే ఉండిపోతుందట. పైకి వచ్చాక, పిలిచినవాడే "ఇగ నీ తొవ్వన నువ్వు పో" అనాలి. ఆ రోజు పిలిచింది గట్టయ్యే. బాయి మూతి దగ్గర కాలు మడతపడి అతని తొడ ఎముక విరిగింది. ఆ చివరి మాట అననేలేదు.

ముసురు పట్టినన్నాళ్లూ వార్డులో పట్టపగలే దీపం. ఫినాయిల్ వాసన. దాని అడుగున తడి బొగ్గు వాసన...

"నాగీ," అని గుసగుసలాడేవాడు. "కాళ్లకాడ మొగిలి కూసున్నడు. జర జాగియ్యి."

వంగి చూసేదాన్ని. ఎవరూ లేరు. దుప్పటి మాత్రం అక్కడ కుంగి ఉండేది. చేత్తో సరిచేసేదాన్ని. మళ్లీ కుంగేది...

ఎండ పని చేసింది. కలవరింతలు ఆగాయి. కళ్లు తేటపడ్డాయి. తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టాను. ఒక పొద్దున అతను నా వైపు తిరిగాడు.

"వదినా, జర నీళ్లిస్తవా?"

చెంబు చేతిలోనే ఉండిపోయింది. నన్ను వదినా అని పిలిచేది మొగిలి ఒక్కడే.

"ఎవలికి వదిన? నేను నీ పెండ్లాన్ని."

అతను సిగ్గుపడ్డాడు. పరాయి ఆడదాని ముందు ఉన్నట్టు దుప్పటి ఛాతీ మీదికి లాక్కున్నాడు.

డాక్టరు వచ్చి వారం అడిగాడు, ఊరు అడిగాడు. అతను అన్నీ సరిగ్గా చెప్పాడు. పేరు అడిగితే మాత్రం నన్ను చూస్తూ కాసేపు ఆగాడు. తర్వాత "గట్టయ్య" అన్నాడు.

"మతి కుదురుకున్నదమ్మా. ఇంకేం ఫికర్ లేదు," అని డాక్టరు నవ్వాడు. కుదిరిన మాట నిజమే. ఎవరి మతి అని అడగడానికి నాకు నోరు రాలేదు.

మధ్యాహ్నం మంచాన్ని లోపలికి మార్చాక, మొగిలి భార్య సమ్మవ్వ చూడ్డానికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం వాచిపోయింది. అతను ఆమెను దగ్గరికి రమ్మన్నాడు. చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. నాకు వినపడలేదు.

ఏడువు తల్లీ, కేకలు పెట్టు... అని మనసులో మొక్కుకున్నాను. ఆమె కేక పెట్టలేదు. మెల్లగా మంచం మీద కూర్చుంది.

"అక్కా," అంది, నా మొహం చూడకుండా. "నువ్వు జర అవుతలికి పోతవా?"

తలుపు దాకా పోయి నిలబడ్డాను. ఇన్నేళ్ల కాపురం. 'నాగీ' అని ఒక్కసారి అంటే చాలు, అన్నీ మరిచిపోదును. అనలేదు.

బయటికి వచ్చాను. వరండాలో మండుటెండ. కొంగు ఒంటినిండా కప్పుకున్నాను. తలుపు వెనక, మొన్ననే మొగుడు పోయిన సమ్మవ్వ... మెల్లగా నవ్వింది.