గిన్నెలో దవడ

మా ల్యాబ్‌లో ఎముకలకు అతుకులు తయారుచేస్తాం. వాటిని పోతపోసే హైడ్రోజెల్ చూడ్డానికి నీళ్లముద్దే, సుత్తితో కొట్టినా చితకదు. ఈ పని నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. వీడియోలు చూసి, ల్యాబ్ నడిపే సారు భుజం మీదుగా తొంగిచూసి నేర్చుకున్నాను.

ఆ సెలవురోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో నేనొక్కదాన్నే. బయట ముసురు. వెచ్చటి పెట్టెలో, గాజుగిన్నెలో, మా అక్క కోసం పోతపోసిన దవడ ముక్క. గడ్డ వస్తే ఆమె ఎడమ దవడ తీసేశారు. అప్పటినుంచి మాట లేదు. ఆమె తుంటి ఎముకలోంచి తీసిన కణాలే ఈ జెల్‌లో పెరుగుతున్నాయి. మర్నాడే ఆపరేషన్. ఇది పాడైతే ఇంకోసారి కణాలు తీయనిచ్చే ఓపిక అక్క ఒంట్లో లేదని డాక్టరు ముందే చెప్పేశారు.

మూత తీసిన గిన్నె మీద మాట్లాడకూడదు. మాస్కున్నా సరే, ఊపిరి తగులుతుందని సారు మొదటిరోజే హెచ్చరించారు. కానీ ఇంట్లో నన్ను తిట్టే మనిషి కూడా లేక ఎన్నాళ్లయిందో. పాత ద్రవం తీసి కొత్తది పోస్తూ రోజూ దానికి కబుర్లు చెప్పేదాన్ని.

"ఇక మళ్లీ నన్ను దులిపేస్తావుగా, అక్కా," అన్నాను.

ఫ్రిజ్ గుర్రుమనడం ఆగింది. తడిసిన ఇనుము వాసన.

టక్...

గిన్నెలోంచే. పళ్లు కొట్టుకున్నట్టు. దానికి పళ్లు లేవు.

టక్... టక్...

"మూత పెట్టకే."

అక్క గొంతు. అదే బొంగురు, అదే విసుగు.

"అక్కా?"

"ఒక్కదాన్నే ఉన్నానే... ఇంకొంచెం మాట్లాడు."

 అక్క ఉన్న వార్డుకి ఫోన్ చేశాను. "నిద్రపోతోందమ్మా, బానే ఉంది," అంది నర్సు.

సారుకి చెప్తే గిన్నె పారబోయిస్తారు. చెప్పలేదు. నిజానికి భయం కంటే ముందు ఏడుపొచ్చింది నాకు. చీకటి పడేదాకా కూర్చుని మాట్లాడాను. అది వింది.

మర్నాడు సారు గిన్నె పట్టుకుని ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లిపోయారు. వెనకే అక్క స్ట్రెచర్. తలుపు దగ్గర అక్క నా చెయ్యి లాక్కుని అరచేతిలో వేలితో రాసింది, ఒక్కో అక్షరం.

నిన్న... నిద్రలో నీ మాటలు వినపడ్డాయి... ఎవరితో... మాట్లాడావే?

"నీతోనే," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. గట్టిగా. మళ్లీ రాయబోయింది. స్ట్రెచర్ కదిలింది. వేలు జారిపోయింది. తలుపులు మూసుకున్నాయి.

ఆపమని అరవడానికి నోరు తెరిచాను.

అవతల, ఇంకా కత్తి కూడా పెట్టకముందే, నిన్న గిన్నెలో విన్న అక్క గొంతు ఎవరితోనో నెమ్మదిగా అంటోంది.

"మా చెల్లి పిరికిది. అరవదు."

అరవలేదు.